బాయిలో మామిడితోట

మా అత్తకు కళ్లు పోలేదు. కళ్ల నడిమి భాగం మాత్రం పోయింది. కంటి దవాఖానలో డాక్టరు కాగితం మీద సున్నా చుట్టి, లోపల పెన్నుతో నల్లగా రుద్ది, "అమ్మకు లోకం ఇట్ల కనిపిస్తది" అన్నాడు. మనిషి ఎదురుగా నిలబడితే రెండు చెవులూ కనిపిస్తాయి, మొహం కనిపించదు. చెట్టు ఉందని తెలుస్తుంది, దాని మీద ఏం వాలిందో తెలియదు. ఆ తెలియనిదాన్ని నింపే పని నాకు పడింది. ఎక్కడికి పోయినా అత్త పక్క సీటు నాది. "ఏమున్నదే పెద్దదానా" అని ఆమె అడగాలి, నేను చెప్పాలి.

నేను చెప్పేదాంట్లో ఉన్నది కొంత ఉంటుంది, ఉంటే బాగుండేది కొంత ఉంటుంది. లక్నవరం పోయినప్పుడు వంతెన కింద ఒక మొసలి ఎండకు పొట్ట కాచుకుంటోందని చెప్పాను. పాఖాలలో అవతలి గట్టు మీద పులి తోక మాత్రమే చూపించాను. పులిని మొత్తం చూపిస్తే నమ్మరు, తోకైతే నమ్ముతారు. అత్తకు తెలియక కాదు. "జర ఉప్పెక్కువైంది గని, మంచిగున్నది" అనేది. బట్టలబజార్‌లో మా మ్యాచింగ్ సెంటర్ నడిచేది కూడా ఈ నాలుక మీదే. చీరకు సరిపోయే రంగు బ్లౌజు పీసు దొరక్కపోతే, ఇప్పుడు సరిపోని రంగే ఫ్యాషనని, మొన్న ఒక పెద్దింటి పెళ్లిలో పెళ్లికూతురి తల్లే అట్లా వేసుకుందని చెప్తాను. ఆ పెళ్లికి నేను పోలేదు. ఆ పెళ్లి జరగలేదు కూడా.

ఇంట్లో నాకు పోటీ లేదనుకునేదాన్ని. మా యారాలు, అంటే మా మరిది భార్య, మాట ఖర్చు పెట్టే మనిషి కాదు. కూరలో ఉప్పు తక్కువైందంటే "తక్కువైందక్కా" అంటుంది. అక్కడితో అయిపోతుంది. అదే నేనైతే ఆ ఉప్పు ఎందుకు తక్కువైందో, దుకాణం వాడు ఏ సముద్రం ఉప్పు అమ్ముతున్నాడో చెప్పేసరికి అన్నం తినడం పూర్తయ్యేది.

ఆమెది బొగ్గు ఊరు. నర్సంపేట దాటి, అడవి దాటి, గుట్టల నడుమ ఉంటుంది. ఊరి పేరు చెప్పను. చెప్తే మీరు పోయి అడుగుతారు, వాళ్లు నన్ను అబద్ధాలకోరంటారు. మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా నేను చెప్పే పెద్ద కథ ఈ యారాలి పెళ్లిచూపుల కథే. మా అత్త పుట్టింది వ్యవసాయం ఇంట్లో. ఆమెకు బాయి అంటే మోట బాయి, మోటరు బాయి. బొగ్గు ఊళ్లల్లో బాయి అంటే గని. ఆ సంగతి అప్పుడు మా వాళ్లెవరికీ తట్టలేదు. పిల్ల తండ్రిని చాప మీద కూర్చోబెట్టి అత్త అడిగింది.

"ఏం పని చేస్తరు తమ్మీ?"

"బాయి పనే అక్కా. తాతల కాడికెల్లి బాయి పనే."

"బాయి మంచిగ నడుస్తదా?"

"మూడు షిఫ్టులు నడుస్తది."

ఆ కాలంలో పొలాలకు కరెంటు షిఫ్టుల మీద వచ్చేది. మూడు షిఫ్టులూ మోటరు నడిచే బాయి అంటే మామూలు బాయి కాదు. అత్త కళ్లు వెలిగాయి. అప్పటికి కళ్లు బాగుండేవి.

"ఎండకాలం నీళ్లుంటయా?"

"నీళ్లకేం తక్కువక్కా. తోడుతనే ఉంటం, వస్తనే ఉంటయి. తోడకుంటే మునుగుతం."

అక్కడికక్కడే సంబంధం ఖాయమైంది. పెళ్లికి పోయిన రోజు అత్త కూరగాయల తోట చూద్దామని "మీ బాయి ఏ దిక్కున్నది తమ్మీ" అని అడిగితే, ఆయన గుట్ట కింద నల్లగా నోరు తెరిచిన సొరంగం చూపించాడు. అత్త చాలాసేపు దాని దిక్కే చూసి, "దీంట్ల వంకాయ పండదు కదా" అన్నది. ఈ కథలో చివరి మాట నేను కలిపానని మా ఆయన అంటాడు. చివరి మాట లేకపోతే కథ ఎట్లా ముగుస్తుంది? ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా అత్త కడుపు పట్టుకుని నవ్వేది. యారాలు చాయ గ్లాసులు సర్దుకుంటూ తల వంచుకుని చిన్నగా నవ్వేది. ఆ నవ్వులో ఏముందో నేనెప్పుడూ తొంగి చూడలేదు.

మొన్నటి చలికాలంలో ఆ ఊరికి మళ్లీ పోవాల్సి వచ్చింది. బాయి మూతపడి చాలా కాలమైంది. యారాలి తల్లిదండ్రులు పోయారు, కంపెనీ క్వార్టరు కంపెనీకి పోయింది. ఇప్పుడు ఆ గుట్టల్లో గుడారాలు వేసి, తవ్వి వదిలేసిన గుంతలో నిండిన నీళ్ల మీద పడవలు తిప్పుతున్నారని, తాడు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషుల్ని జారుస్తున్నారని మా మరిది ఫోన్లో చూపించాడు. నేను అత్తకు చెప్పబోయాను. ఆమె వినలేదు. "నన్ను తీస్కపోండ్రి. పెండ్లినాడు సరిగ చూడనే లేదు" అన్నది.

బండి ఇంటి ముందర ఆగింది. నేను సర్వపిండి డబ్బా పట్టుకుని, అలవాటుగా అత్త పక్కన ఎక్కబోయాను.

"పెద్దదానా, నువ్వు ఎనక కూసో. చిన్నదాన్ని రానియ్యి. ఆమె ఊరు కదా, ఆమె చెప్తది" అన్నది అత్త.

ఇంత చిన్న మాట. వెనక సీట్లో సంచుల నడుమ కూర్చున్నాను. పక్కన మా ఆయన బండి కదలకముందే నా భుజం మీద నిద్రపోయాడు. ముందర రెండు తలలు కనిపిస్తున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి నల్లది, రెండూ ఒకదానికొకటి ఆనుకుని. పెళ్లయి వచ్చిన కొత్తలో మా ఆయన పక్కన ఎవరు కూర్చున్నా నేనింత కుళ్లుకోలేదు.

నర్సంపేట దాటింది. అడవి మొదలైంది.

"ఏమున్నదే చిన్నదానా?"

"చెట్లున్నయత్తమ్మ."

నాకు ప్రాణం లేచొచ్చింది. చెట్లున్నాయట. ఈ మాట చెప్పడానికి ఆ సీటెందుకు? నేను వెనక నుంచి అందుకున్నాను. "అత్తమ్మ, ఎడమ దిక్కు ఒక దుప్పి మనతోటే ఉరుకుతాంది. కొమ్ములకు ఎవ్వలిదో రిబ్బన్ చుట్టుకున్నది."

అత్త వెనక్కి తిరగలేదు. "ఏం చెట్లే?" అని యారాలినే అడిగింది.

"టేకు చెట్లు. ఆకులు రాలినయి. ఒకదానికి ఎవరో ఎర్ర రంగుతోటి ఏదో రాసిన్రు."

"అట్లనా" అన్నది అత్త, పులి తోక చూసినప్పటి కంటే శ్రద్ధగా. నా దుప్పి రిబ్బనుతో సహా అడవిలోకి పారిపోయింది.

గుట్టలు వచ్చాయి. ఒకప్పుడు మట్టి పోసిన దిబ్బల మీద ఇప్పుడు చెట్లు పెరిగి అవీ గుట్టల్లాగే నిలబడి ఉన్నాయి. ఏది దేవుడు పెట్టిన గుట్టో, ఏది మనిషి పోసిన దిబ్బో చెప్పలేం. నడుమ పెద్ద గుంత, నిండా నీళ్లు. మా ఆయనా మరిదీ దిగీదిగగానే పడవల దిక్కు పోయారు. నేను అత్త చెవి దగ్గరికి చేరాను.

"అత్తమ్మ, నీళ్లు చూస్తే కండ్లు చెదురుతానయ్. చిలకపచ్చ పట్టుచీర పరిచినట్టే. నడుమ జరీ లెక్క ఎండ."

నిజంగా బాగా చెప్పాననే అనుకున్నాను. అత్త తల ఊపి, అటు తిరిగి, "చిన్నదానా, నీళ్లెట్లున్నయే?" అన్నది.

"పచ్చగున్నయత్తమ్మ. ఒడ్డు పొంటి ప్లాస్టిక్ సీసాలున్నయి."

అత్త పకపకా నవ్వింది. "సీసాలు గూడ చెప్పింది చూడు" అని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నాది. అంటే, అత్త పట్టుకోవాల్సిన చెయ్యి నాది. నా పట్టుచీరకు లేని గిరాకీ ఖాళీ సీసాలకు వచ్చింది. ఇన్నేళ్ల నా వ్యాపారంలో ఇట్లాంటి బేరం చూడలేదు.

పాత సొరంగం మొదట్లో కొంత దూరం సిమెంటు కమాను కట్టి, బల్బులు పెట్టి, చూడ్డానికి వచ్చినవాళ్లను లోపలికి తీసుకుపోతున్నారు. తలకు పసుపుపచ్చ టోపీలిచ్చారు. అత్త తెల్ల జుట్టు మీద ఆ టోపీ కూర్చోగానే ఆమె బాయిదొర లాగా అయింది. ఆ మాట నేను అనేలోపు యారాలు టోపీ పట్టీ సర్దుతూ, "మా బాపు టోపీ గిట్లనే ఉండేదత్తమ్మ" అన్నది. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

లోపల తడి వాసన. గోడల మీద నీళ్లు సన్నగా కారుతున్నాయి. చివరికి పోయాక గైడు, "ఇప్పుడు లైట్లు బంద్ చేస్తాన. బాయిల చీకటి ఎట్లుంటదో చూడుండ్రి. ఎవ్వలు కదలొద్దు" అన్నాడు.

లైట్లు ఆరిపోయాయి. కళ్లు తెరిచినా మూసినా ఒక్కటే. చెయ్యి ముక్కుకు తగిలించుకున్నా కనిపించలేదు. ఆ చీకట్లో అత్త అడిగింది, "ఏమున్నదే?"

పెద్దదానా అనలేదు, చిన్నదానా అనలేదు. నాకు అదను దొరికింది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నేను చూసినదాని మీద కొసరు వేసే మనిషిని. పాఖాల గట్టుంటేనే పులి తోక, లక్నవరం వంతెనుంటేనే మొసలి. కొసరు వెయ్యడానికి ఇక్కడ అసలే లేదు. నేను వెతుక్కుంటూ ఉండగానే గోడలకు తగిలి మోగుతూ ఒక గొంతు లేచింది.

"మామిడితోట ఉన్నదత్తమ్మ."

యారాలు. చీకట్లో తల వంచుకోవాల్సిన పని లేదు కాబోలు, గొంతు నిటారుగా ఉంది.

"బాయిల ఇంకా లోపటికి పోతే మామిడితోట ఉంటది. అక్కడ ఎండ ఉండదు గద. మనుషుల టోపీ లైట్లే చెట్లకు ఎండ. ఒక్కొక్కలకు ఒక్కొక్క చెట్టు. ఆ మనిషి పనికి పోకపోతే ఆనాడు ఆ చెట్టుకు పొద్దు పొడువదు. చిలుకలు గూడ ఉంటయి. నల్లగుంటయి, ముక్కు ఒక్కటే ఎర్రగ."

గైడు లైటు వెయ్యడం మరిచిపోయాడు. ఆమె ఆగలేదు. చిన్నప్పుడు ఒకనాడు సమయం కాని సమయంలో సైరన్ మోగిందట. పైకప్పు కూలిందని ఆడవాళ్లందరూ బాయి నోటి దగ్గరికి ఉరికారట. వాళ్ల బాపు పొద్దుగూకినాక ఇంటికొచ్చాడట. తెల్లారి మళ్లీ పోతుంటే ఈమె కాళ్లకు చుట్టుకుని వదల్లేదట. అప్పుడు ఆయన ఈ తోట సంగతి చెప్పాడట. "బిడ్డా, నేను పోకుంటే నా చెట్టుకు ఎండ ఎవ్వలు పెడతరు" అన్నాడట. ఆ మాటకు ఈమె కాళ్లు వదిలి, టిఫిను డబ్బా తనే తెచ్చి చేతికిచ్చిందట. ఆ ఎండాకాలం ఆయన జేబులోంచి ఒక మామిడికాయ తీసిచ్చాడట. బొగ్గు వాసన వచ్చిందట.

లైట్లు వెలిగాయి. యారాలు ఎప్పటిలాగే తల వంచుకుని అత్త టోపీ పట్టీ విప్పుతోంది. అత్త కళ్లు తుడుచుకుంటోంది. నాకు కూడా కళ్లు మండాయి. ఎందుకో చెప్పడానికి నాకు సిగ్గు లేదు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఇన్నేళ్లు మొసళ్లనూ పులి తోకలనూ మేపాను గానీ, ఇంత మంచి అబద్ధం నా నోటికి ఒక్కటీ రాలేదు. అదీ చచ్చిపోయిన మనిషి చెప్పింది. ఆయనతో పోటీకి ఎట్లా దిగుతాను? ఆ మనిషిని పెళ్లిచూపుల కథలో చాప మీద కూర్చోబెట్టి నేను అందరినీ నవ్విస్తూ ఉంటే, ఈమె ఇంత సొమ్ము దాచుకుని చాయ గ్లాసులు కడిగింది.

బయటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. అత్తను టీ బండి దగ్గర యారాలికి అప్పగించి, నేరుగా తాడు దగ్గరికి పోయాను. ఎవరూ చెప్పలేని కథ ఒకటి తెచ్చి అత్త ఒళ్లో పెట్టాలి, అంతే. పట్టీలు కట్టే అబ్బాయి నన్ను పైకీ కిందికీ చూసి, "ఆంటీ, బీపీ గిట్ల ఉన్నదా?" అన్నాడు. "నీకెక్కువున్నట్టున్నది" అన్నాను. తోశాడు.

సగం దూరం బాణం లాగా పోయాను. గాలి ఎదురొచ్చిందో, నా బరువుకు తాడు వంగిందో, సరిగ్గా నీళ్ల నడుమకు వచ్చాక ఆగిపోయాను. ముందుకు లేదు, వెనక్కి లేదు. నా కుడికాలి చెప్పు మెల్లగా జారి కింద పడింది. అది నీళ్లకు తగిలిన చప్పుడు చాలా ఆలస్యంగా వినిపించింది. నా నీడ నీళ్ల మీద చిన్న గబ్బిలం లాగా వేలాడుతోంది. నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా మనసు కథే అల్లుతోంది. "అత్తమ్మ, నేను ఆకాశంల చిక్కిన" అని మొదలు పెట్టాలి, చెప్పు పడ్డ చప్పుడు దగ్గర కొంచెం ఆపాలి. వాళ్లు ఇంకో తాడు వేసి నన్ను లాగేసరికి కథ మొత్తం తయారైంది. ఒక్క కొసరు కూడా వెయ్యలేదు. అవసరం పడలేదు.

ఒంటి చెప్పుతో కుంటుకుంటూ పోయి అత్తకు మొత్తం చెప్పాను. టీ బండి తాడుకు అవతలి వైపు, చెట్ల చాటున ఉంది. వాళ్లకేమీ కనిపించలేదు. అత్త చాయ తాగుతూ విని, "జర ఉప్పు కాదే, ఈసారి ఉప్పు బస్తానే పోసినవ్" అన్నది.

"ఒట్టు అత్తమ్మ."

"పులికి గూడ ఒట్టే పెట్టినవ్."

నేను యారాలి దిక్కు చూశాను. "నేను చూడలేదక్కా" అన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి కదా.

తిరిగి వచ్చేటప్పుడు కూడా వెనక సీటే. మా ఆయనకు చెప్తే, "పడవల నుంచి చూసినం, ఎవరో ఒకామె వేలాడుతాంటే మస్తు నవ్వినం" అన్నాడు. ఆ ఒకామె నేనేనంటే ఆయన కూడా నమ్మలేదు.

మర్నాడు సాయంత్రం మా ఎదురింటి టైలరమ్మ వచ్చింది. మా దుకాణం నుంచి పోయే బ్లౌజులు ఎక్కువగా కుట్టేది ఆమే. మేము ఆపా అంటాం. ఆమె మా అత్తను పెద్దమ్మ అంటుంది. వచ్చీరాగానే, "పెద్దమ్మ, గుట్టలు చూసొచ్చిన్రట. ఏం చూసిన్రు?" అని అడిగింది. యారాలు చాయ గ్లాసులు తెచ్చింది. నేను మోకాలికి తైలం రాసుకుంటున్నాను.

అత్త మొదలుపెట్టింది. టేకు చెట్లు, ఎర్ర రంగు రాత, పచ్చ నీళ్లు, సీసాలు. "ఇవన్ని మా చిన్నది చెప్పింది" అన్నది. ఆ తర్వాత గొంతు తగ్గించి, మామిడితోట చెప్పింది. టోపీ లైట్ల ఎండ, నల్ల చిలుకలు, బొగ్గు వాసన కాయ. ఒక్కటీ మరిచిపోలేదు. నేను చెప్పినవి ఆమె ఎప్పుడూ అంత బాగా గుర్తు పెట్టుకోలేదు.

ఆపా గ్లాసు పక్కన పెట్టి, "యా అల్లా, ఇది ఎవ్వలు చెప్పిన్రు పెద్దమ్మ?" అన్నది.

"ఇంకెవ్వలు చెప్తరే, మా పెద్దది" అన్నది అత్త. "చీకట్ల మోగెవరకు గొంతు గుర్తుపట్టలే గని, చిన్నదాని లెక్కనే మాట్లాడి, ఆమె బాపును గూడ కలిపి, బాయిల మామిడితోట పెట్టేది ఇంకెవ్వలు? చిన్నదానికి అసొంటియి రావు. ఆమె ఉన్నదే చెప్తది."

ఆపా నన్ను మెచ్చుకుంటూ చూసింది. నేను తైలం సీసా మూత బిగించాను, విప్పాను, మళ్లీ బిగించాను. కాదనలేదు. నాకు రావాల్సిన కథ నా చేతికొచ్చింది, నా పేరుతోనే వచ్చింది. ఎవరైనా కాదంటారా?

"ఇంకోటి వినవే" అని అత్త నవ్వు మొదలుపెట్టింది. "తాడుకు వేలాడిందట. నీళ్ల నడుమ. చెప్పు గూడ పడిపోయిందట."

ఇద్దరూ నవ్వారు. నా మోకాలు నవ్వలేదు. జీవితంలో ఒక్క నిజం చెప్తే దాని గతి ఇది. అప్పుడు యారాలు ఖాళీ గ్లాసులు అందుకుంటూ అన్నది, "అక్క ఒక్క చెప్పుతోటే బండి ఎక్కిందత్తమ్మ. ఇగో, గడప కాడ ఉన్నది, ఎడమది."

అత్త నవ్వు ఠక్కున ఆగింది. "అట్లనా? నిజంగనే వేలాడిందా?" అని నా దిక్కు చెయ్యి చాపింది. "దెబ్బ గిట్ల తగిలెనా బిడ్డా? నిన్ననే చెప్పకపోతివి."

నిన్న చెప్పాను. ఒట్టు పెట్టి చెప్పాను. నా నోట్లో ఉన్నప్పుడు అది ఉప్పు బస్తా. యారాలి నోట్లో పడగానే నిజమైంది. ఆ అబద్ధమంతా నాకు, ఈ నమ్మకమంతా ఆమెకు. కథ నాకే వచ్చినా, కుళ్లు రవ్వంత కూడా తగ్గలేదు. ఇప్పుడు రెండు విధాలుగా మండుతోంది.

ఆపా పోయాక వంటింట్లోకి పోయాను. యారాలు గ్లాసులు కడుగుతోంది. తోట నాదని అత్త అన్నప్పుడు ఎందుకు ఊరుకున్నదో అడుగుదామనుకున్నాను. నోటికి ఇంకొకటి వచ్చింది.

"ఏమే, మీ బాపు తోట ఒక్కటే చెప్పిండా, ఇంకేమన్న చెప్పిండా?"

"చెప్పిండక్కా. పొద్దుగాల పోయేటప్పుడల్ల నేను అడ్డం నిలబడేదాన్ని. ఒక్కటి చెప్తెనే దారిచ్చేదాన్ని."

"ఎన్నున్నయే?"

ఆమె గ్లాసు బోర్లించి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"నాకు పెండ్లైన దాక ఉన్నయక్కా."